షాకు కొడితే ఎంసీబీ పడదు

సంపాదకులు గారికి,
నమస్కారం.

ఎండలు ముదిరేసరికి మన ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పేజీల్లో ఒకే రకం వార్త మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. కూలర్‌లో నీళ్ళు పోస్తూ ఒకరు, తడి చేత్తో మోటారు స్టార్టర్ ముట్టుకుని ఒకరు, మిద్దె మీద ఇనుప తీగకు బట్టలు ఆరేస్తూ ఇంకొకరు. ‘విద్యుదాఘాతంతో మృతి’ అన్న రెండు మాటలతో వార్త ముగుస్తుంది. ఆ ఇంటి కరెంటు బోర్డులో ఏముంది, ఏం లేదు అన్నది మాత్రం రాదు. ఆ ఒక్క సంగతి రాస్తే చదివినవాళ్ళు లేచి తమ బోర్డు మూత తెరిచి చూస్తారు. అలా తెరిచినప్పుడు ఏం చూడాలో చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే లెక్కలున్న చోటు మాత్రం ఉంచండి, అసలు విషయం అక్కడే ఉంది.

బోర్డులో ఎంసీబీలు (కరెంటు మితిమీరితే తమంతట తాము ‘పడి’, అంటే పిడి దిగి, సరఫరా తెంచే చిన్న స్విచ్చులు) వరుసగా ఉంటే ఇక ఇంట్లో భయం లేదని చాలామంది నమ్మకం. ఎంసీబీ కాపాడేది తీగను. గోడలో పోయే రాగి తీగ మోయగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు పారితే పైన ఉన్న ప్లాస్టిక్ కరిగి మంట పుడుతుంది, అది జరగకుండా ఆపడం దాని పని. లోపల రెండు ఏర్పాట్లు ఉంటాయి. ఒకటి రెండు లోహాలు అతికిన పట్టీ. లోడు ఎక్కువైతే ఇది వేడెక్కి, మెల్లగా వంగి, కొక్కేన్ని వదిలిస్తుంది. రెండోది తీగచుట్ట. కరెంటు తెచ్చే ఫేజు తీగ, తిరిగి తీసుకెళ్ళే న్యూట్రల్ తీగ నేరుగా తగిలి షార్ట్ అయినప్పుడు ఇది అయస్కాంతమై రెప్పపాటులో కొక్కేన్ని లాగేస్తుంది.

ముఖం మీద ‘సి16’ అని ఉందనుకోండి. 16 ఆంపియర్ల ఎంసీబీ అని దాని అర్థం. కానీ 16 దాటగానే పడిపోదు. ప్రమాణం ప్రకారం 1.13 రెట్లు, అంటే సుమారు 18 ఆంపియర్లు గంటసేపు పారినా అది పడకూడదు. 1.45 రెట్లు, అంటే సుమారు 23 ఆంపియర్లు పారితే గంటలోపు పడాలి. క్షణంలో పడాలంటే 5 నుంచి 10 రెట్లు, 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. ‘బి’ రకమైతే 3 నుంచి 5 రెట్లకే క్షణంలో పడుతుంది, ‘డి’ రకానికి 10 నుంచి 20 రెట్లు కావాలి. చిన్న డబ్బా గీతలో 6000 అనో 10000 అనో ఉండేది షార్ట్ అయినప్పుడు తాను పగలకుండా తెంచగలిగిన ఆంపియర్ల లెక్క. ఇళ్ళకు 6000 మామూలుగా సరిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఇంటిని ఆనుకుని ఉంటే 10000 పెట్టుకోవడం మేలు.

ఇప్పుడు మనిషి సంగతి. చర్మం తడిగా ఉన్నప్పుడు ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లని లెక్క వేస్తారు. 230 వోల్టులను 1000తో భాగిస్తే 0.23 ఆంపియరు. పాత సీలింగ్ ఫ్యాను తీసుకునేది కూడా ఇంతకన్నా ఎక్కువే. 16 ఆంపియర్లు దాటితే తప్ప కదలని పరికరానికి ఇది లెక్కలోకే రాదు. మనిషికి మాత్రం 10 మిల్లీ ఆంపియర్ల దగ్గరే కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదలలేని స్థితి వస్తుంది. 30 దాటి కాసేపు పారితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. పైన వచ్చిన 0.23 ఆంపియరు అంటే 230 మిల్లీ ఆంపియర్లు. మనిషి కరెంటుకు కరుచుకుపోయి ఉన్నంతసేపూ ఎంసీబీ నిలబడే ఉంటుంది. దాని తప్పేమీ లేదు, అది చేయాల్సిన పని అది కాదు కనుక.

‘మాకు ఎర్తింగ్ ఉంది కదా’ అనేది తర్వాత వచ్చే మాట. కూలర్‌లో తడి తగిలి మోటారు చుట్ట దెబ్బతిని, ఫేజు ఇనుప బాడీకి తగిలిందనుకుందాం. కరెంటు ఎర్త్ తీగ గుండా నేలలోకి పోయి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి న్యూట్రల్ ఎర్త్ గుండా తిరిగి చేరాలి. ఈ దారి మొత్తం నిరోధం 10 ఓమ్‌లు అనుకుంటే, 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు. పైన చెప్పినట్టు ఆ 23కు సి16 ఎంసీబీ పడడానికి గంట దాకా పట్టవచ్చు. ఆ గంటసేపూ బాడీ మీద ప్రాణాంతకమైన వోల్టేజీ ఉంటుంది. అదీ ఎర్త్ బాగా ఉన్నప్పటి సంగతి. మన దగ్గర మే నెలలో నేల ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అనంతపురం గరుసు నేల పైన రెండడుగులు పొడిపొడిగా రాలుతుంది. నంద్యాల వైపు నల్లరేగడి నెర్రెలు బారి ఎర్త్ పైపును వదిలేస్తుంది, పైపుకూ మట్టికీ మధ్య గాలే మిగులుతుంది. కడప, బేతంచెర్ల వైపు నాలుగడుగులు తవ్వకముందే నాపరాయి తగులుతుంది. ఈ నేలల్లో దారి నిరోధం 50 ఓమ్‌లకు చేరితే పారేది 4.6 ఆంపియర్లు. ఒక ఇస్త్రీ పెట్టె వాడకం అంత. ఎంసీబీ గంటకు కాదు కదా, ఏడాదికి కూడా పడదు. మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కారణం తెలియకుండా బిల్లు పెరిగిన ఇళ్ళలో ఈ లీకేజీ కూడా ఒక కారణం కావచ్చు, వెతికి చూడాలి.

కాబట్టి తడి నేల ఉన్న ఊళ్ళకన్నా మన రాయలసీమకు ఆర్‌సీసీబీ అనే లీకేజీ రక్షణ స్విచ్చు అవసరం ఎక్కువ. ఫేజు, న్యూట్రల్ తీగలు రెండూ దీని లోపల ఒకే ఇనుప ఉంగరం గుండా పోతాయి. ఫేజులో వెళ్ళిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తే ఉంగరానికి ఏమీ తెలియదు. ఇరవై ఆంపియర్లు వెళ్ళినా సరే, ఇరవై తిరిగొస్తే చాలు. మధ్యలో కొంత మనిషి ఒంటి గుండానో, కూలర్ బాడీ గుండానో నేలలోకి పోతే లెక్క తప్పుతుంది, ఆ తేడాకు అది పడుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకం 15 లోపు తేడాకు పడకూడదు, 30కి 0.3 సెకనులోపు పడాలి, 150 తేడా వస్తే 0.04 సెకనులోపే పడాలి. ఎర్త్ 500 ఓమ్‌లకు పాడైపోయిన ఇంట్లో కూడా 30 మిల్లీ ఆంపియర్లు పారడానికి 15 వోల్టులు చాలు. అంటే బాడీ మీద ప్రమాదకర వోల్టేజీ నిలిచి ఉండకముందే సరఫరా తెగిపోతుంది. ఎంసీబీ చేయలేని పని ఎండిన నేల మీద ఇది చేయగలగడానికి కారణం ఇదే.

ఎర్త్ అసలే లేని ఇంట్లో కూడా ఆర్‌సీసీబీ పనిచేస్తుంది. కాకపోతే ఎవరో ఒకరు ముట్టుకునే దాకా దానికి తేడా తెలియదు. షాకు ఒక్క క్షణం తగిలాకే పడుతుంది. ఎర్త్ ఉంటే బాడీకి కరెంటు తగిలిన వెంటనే, మనిషి చెయ్యి పెట్టకముందే పడుతుంది. రెండూ కావాలి అనేది ఇందుకే.

ఆర్‌సీసీబీకీ హద్దులున్నాయి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుని, నేలకు తగలకుండా చెక్క స్టూలు మీద నిల్చున్న మనిషిని అది గుర్తించలేదు, వెళ్ళిందంతా తిరిగి వస్తోంది కనుక. లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా అది పడదు. అందుకే దాని ముందు ఎంసీబీ ఉండి తీరాలి. 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీ ముందు 40కి మించని ఎంసీబీ ఉండాలి. రెండు పనులూ ఒకే డబ్బాలో చేసేది ఆర్‌సీబీఓ.

బజారులోనూ బోర్డులోనూ జరిగే పొరపాట్లు ఇక్కడే ఎక్కువ. చాలా ఇళ్ళలో ‘మెయిన్’ అని చూపించే వెడల్పాటి పిడి ఉత్త ఐసోలేటర్. మనం దించితే దిగుతుంది, తనంతట తాను పడడం దానికి రాదు. మీ బోర్డులో నిజంగా ఆర్‌సీసీబీ ఉందా అన్నది తెలుసుకోవడానికి ఒకటే గుర్తు, ‘టి’ అని రాసిన చిన్న బొత్తం. దాని పక్కన త్రికోణం గుర్తుతో 0.03 ఆంపియర్ అనో 30 మిల్లీ ఆంపియర్ అనో ఉండాలి. 0.1 అనో 0.3 అనో ఉంటే అది 100, 300 మిల్లీ ఆంపియర్లది. నిప్పు అంటుకోకుండా పెద్ద భవనాల్లో పెట్టేది, మనిషి ప్రాణానికి సరిపోదు. ‘మాటిమాటికీ పడదు’ అని చెప్పి దీన్ని ఇళ్ళకు అంటగట్టేవాళ్ళున్నారు, ఒప్పుకోవద్దు. ఇంకో గుర్తు టైపు. డబ్బా గీతలో ఒకే అల ఉంటే ‘ఏసీ’ టైపు, అల కింద చిన్న అర్ధ అలలు కూడా ఉంటే ‘ఏ’ (ఇంగ్లీషు A) టైపు. ఇన్వర్టర్ ఏసీలు, వాషింగ్ మెషీన్లు, ఇండక్షన్ పొయ్యిల్లోని ఎలక్ట్రానిక్ భాగాల నుంచి లీకయ్యే కరెంటు నిండు అలగా ఉండదు, దాన్ని ‘ఏసీ’ టైపు సరిగా పట్టుకోలేకపోవచ్చు. కొత్తగా కొనేవాళ్ళు ‘ఏ’ (A) టైపే అడిగి తీసుకోండి. ఐఎస్ఐ ముద్ర ఉందో లేదో చూడండి.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనలు ఇళ్ళ కనెక్షన్లకు 30 మిల్లీ ఆంపియర్లకు మించని లీకేజీ రక్షణ పరికరం ఉండాలని చెబుతున్నాయి. అయితే 2 కిలోవాట్ల లోపు కనెక్షన్లకు మినహాయింపు ఇచ్చాయి. నాకు మనసుకు పట్టని సంగతి ఇదే. కాలనీల్లో ఒక గది, వంటిల్లు ఉన్న ఇల్లు, పాత ఇనుప కూలర్, బాత్‌రూమ్ బయట బకెట్లో హీటర్ రాడ్డు, ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్గు. ఇలాంటి ఇంటి లోడు 2 కిలోవాట్లు దాటదు, ప్రమాదం మాత్రం అక్కడే ఎక్కువ. కాగితం మీద మినహాయింపు ఉన్నా ఈ ఇళ్ళవాళ్ళే ముందు పెట్టించుకోవాలి.

అలాంటి ఇంటికి పెద్ద బోర్డు అక్కర్లేదు. మీటరు తర్వాత రెండు తీగలనూ తెంచే 25 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ, దాని తర్వాత 25 ఆంపియర్ల 30 మిల్లీ ఆంపియర్ల రెండు పోళ్ళ ఆర్‌సీసీబీ, ఆ తర్వాత లైట్లు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ మీద 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ, కూలర్, ఇస్త్రీ, హీటర్ పెట్టే సాకెట్లకు 2.5 తీగ మీద 16 ఆంపియర్ల ఎంసీబీ. అంతే. అదీ కుదరకపోతే కూలర్, హీటర్ వాడే ఒక్క సాకెట్‌కైనా 16 ఆంపియర్ల ఆర్‌సీబీఓ పెట్టించండి. పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులున్న పాత ఇళ్ళలో ఫ్యూజు తీగ బదులు సర్వీసు తీగలోంచి పీకిన అల్యూమినియం పోగు చుట్టి ఉంటుంది. అది కరిగేలోపు గోడలో తీగ కరుగుతుంది. ఫ్యూజులు తీసేసే వీలు లేకపోతే కనీసం సరైన ఫ్యూజు తీగ ఒక చుట్ట బోర్డు పక్కన వేలాడదీసి పెట్టుకోండి, చీకట్లో చేతికి అందింది చుట్టే అవసరం రాదు.

పెద్ద ఇళ్ళలో ఒకే ఆర్‌సీసీబీ మీద అంతా వేస్తే గీజర్‌లో చిన్న లీకేజీ వచ్చినా ఇల్లంతా చీకటి, ఫ్రిజ్ కూడా ఆగుతుంది. అప్పుడు విసుగెత్తి దాన్నే తీసేయిస్తారు. గీజర్, వాషింగ్ మెషీన్, కూలర్, మోటారు ఒక దాని మీద, లైట్లు, ఫ్రిజ్ ఇంకో దాని మీద వేయించుకుంటే ఈ గొడవ ఉండదు. ఒక జాగ్రత్త: రెండు ఆర్‌సీసీబీలు పెడితే న్యూట్రల్ పట్టీలు కూడా రెండు విడివిడిగా ఉండాలి. ఒక దాని ఫేజు, ఇంకో దాని న్యూట్రల్ కలిస్తే రెండూ పడుతూనే ఉంటాయి.

పెట్టిన వారానికే ‘ఊరికే పడుతోంది’ అని ఆర్‌సీసీబీని బైపాస్ చేయించడం మన దగ్గర మామూలైపోయింది. అది సాధారణంగా ఊరికే పడదు. కారణం పట్టుకునే పద్ధతి ఇది. అన్ని ఎంసీబీలూ దించి ఆర్‌సీసీబీ ఎత్తండి. నిలబడితే ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ రండి, ఏది ఎత్తినప్పుడు పడిందో ఆ లైనులో లోపం. ఆ లైను మీది వస్తువులన్నీ ప్లగ్గులు పీకి మళ్ళీ ఎత్తండి. ఇప్పుడు నిలబడితే లోపం వస్తువులో ఉంది, గీజర్ ఎలిమెంటు, హీటర్ రాడ్డు, కూలర్ పంపు, పాత ఇస్త్రీ పెట్టె ఈ వరుసలో అనుమానించండి. ప్లగ్గులు పీకినా పడుతుంటే గోడలో తీగ, తడిసిన జంక్షన్ డబ్బా చూడాలి. అన్ని ఎంసీబీలూ దించి ఉన్నా ఆర్‌సీసీబీ నిలబడకపోతే చాలామంది పరికరమే చెడిపోయిందని తీర్పు చెప్పేస్తారు. తొందరపడకండి. ఒక్క పోలు ఎంసీబీ ఫేజునే తెంచుతుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. ఎక్కడో న్యూట్రల్, ఎర్త్ తీగలు తగిలి ఉంటే ఇలాగే పడవచ్చు. కొత్త వైరింగ్‌లో మేకు దిగినచోట, స్విచ్ డబ్బా మరలు బిగించేటప్పుడు తీగ నలిగినచోట ఇది ఎక్కువ. న్యూట్రల్ తీగలు ఒక్కొక్కటే పట్టీ నుంచి విప్పి చూస్తే దొరుకుతుంది. ఈ పని మాత్రం సరఫరా పూర్తిగా తెంచి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాలి. ఇంటాయన టెస్టరు పట్టుకుని చేసే పని కాదు.

ఎంసీబీ పడితే వెతికే తీరు వేరు. పడిన పిడిని ముందు పూర్తిగా కిందికి దించి, తర్వాతే పైకి ఎత్తాలి. సగంలో ఉన్నదాన్ని పైకి నెట్టితే చాలా రకాలు నిలవవు, చెడిపోయిందని అనుకుంటారు. ఎత్తగానే ఠక్కున పడితే షార్ట్. పావుగంటకో అరగంటకో పడితే లోడు ఎక్కువైనా అయి ఉండాలి, మర వదులైనా అయి ఉండాలి. 2000 వాట్ల గీజర్ 8.7 ఆంపియర్లు, 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి ఇంకో 8.7, ఈ రెండూ ఒకే 16 ఆంపియర్ల లైను మీద ఉంటే 17 దాటింది, బోర్డు వేడెక్కే ఎండాకాలంలో పడవచ్చు. దీనికి మన వీధుల్లో దొరికే మందు 16 తీసి 32 పెట్టడం. నన్నడిగితే ఇంటికి నిప్పు పెట్టుకునే పని అది. గోడ పైపులో పోయే 2.5 తీగ మన వేడిలో 20 ఆంపియర్లు నిలకడగా మోయడమే గొప్ప, 32 ఎంసీబీ 36 ఆంపియర్ల దాకా గంటసేపు పోనిస్తుంది. పెద్ద ఎంసీబీ కావాలంటే ముందు పెద్ద తీగ లాగించాలి. గీజర్‌కూ ఏసీకీ 4 చదరపు మిల్లీమీటర్ల తీగతో విడి లైను, 20 ఆంపియర్ల ఎంసీబీ వేయడం సరైన పద్ధతి. అర హెచ్‌పీ, ఒక హెచ్‌పీ మోటార్లు మొదలయ్యేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతాయి, వాటికి ‘సి’ రకమే వాడాలి. ‘బి’ పెడితే బాగున్న మోటారుకు కూడా పడవచ్చు.

మన ఎండ గురించి ఒక మాట. ఎంసీబీని 30 డిగ్రీల దగ్గర లెక్క కట్టి తయారు చేస్తారు. పడమటి గోడకు, రేకుల పంచలో, ఇనుప డబ్బాలో బిగించిన బోర్డు లోపల మే నెల మధ్యాహ్నం 50 డిగ్రీలు అసాధ్యమేమీ కాదు. అక్కడ 16 ఆంపియర్ల ఎంసీబీ 14, 15 లాగా నడుచుకుంటుంది. చలికాలమంతా నిలిచినది ఏప్రిల్‌లో పడడం మొదలుపెడితే మార్చాల్సింది బోర్డు చోటు. పక్కపక్కనే నిండుగా నడిచే ఎంసీబీల మధ్య ఒక ఖాళీ గడి వదిలినా కొంత తేడా ఉంటుంది. వదులు మర ఇంకా చెడ్డది. తీగ ప్లాస్టిక్ తొడుగు మీదే మర బిగిసినా, అల్యూమినియం సర్వీసు తీగను లగ్గు (తీగ కొసకు బిగించే లోహపు తొడుగు) లేకుండా రాగి తీగతో మెలేసినా అక్కడ వేడి పుట్టి, ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడుతుంది. కాలిన వాసన వస్తే, పిడి పక్కన మరక కనబడితే ఆ ఎంసీబీ మార్చేయాలి, తీగ కొస కూడా కత్తిరించి కొత్త రాగి దాకా పోవాలి. ఏడాదికొకసారి, ఉగాది ముందు, సరఫరా తెంచి అన్ని మరలూ బిగించి చూడమంటే ఎలక్ట్రీషియన్‌కు అరగంట పని.

ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మెయిన్‌లో ఆర్‌సీసీబీ ఉన్నా, కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు షాకు తగిలితే ఆ ఆర్‌సీసీబీ పడినా లాభం లేదు, అది తెంచేది బయటి సరఫరాను. ఇన్వర్టర్ లోపలి నుంచి 230 వోల్టులు వస్తూనే ఉంటాయి. ఇన్వర్టర్ అవుట్‌పుట్ మీద విడిగా ఇంకో 25 ఆంపియర్ల 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. ఇన్వర్టర్ లైట్ల న్యూట్రల్‌ను ఇంటి న్యూట్రల్ పట్టీలో ఎక్కడ వీలైతే అక్కడ కలిపేసిన వైరింగ్ ఉంటే ముందు దాన్ని సరిచేయాలి, లేకపోతే పరికరం పెట్టిన రోజు నుంచే పడుతుంది.

ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ ఆపలేని ప్రమాదం న్యూట్రల్ తెగడం. వైశాఖంలో ఈదురుగాలికి స్తంభం దగ్గర న్యూట్రల్ జంపరు (కలిపే తీగముక్క) తెగితే, వేరువేరు ఫేజుల మీదున్న ఇళ్ళు ఒకదానితో ఒకటి వరుసలో పడతాయి. తక్కువ లోడున్న ఇంటికి 230 బదులు 300, 350, ఇంకా పైకి కూడా రావచ్చు. కొన్ని లైట్లు జిగేలుమని వెలిగి కొన్ని గుడ్డిగా మినుకుమంటే, ఫ్యాను ఉన్నట్టుండి విపరీతంగా తిరిగితే అదే గుర్తు. వెంటనే మెయిన్ దించండి, 1912కు ఫోన్ చేయండి. వోల్టేజీ ఎక్కువైనా తక్కువైనా తెంచి, సర్దుకున్నాక తిరిగి కలిపే పరికరాలు దొరుకుతాయి, తరచూ ఇలా జరిగే వీధుల్లో మెయిన్ దగ్గర ఒకటి పెట్టించుకోవచ్చు. న్యూట్రల్ పోయినప్పుడు లైనుమ్యాన్ వచ్చేదాకా ఆగలేక ఎర్త్ తీగనే న్యూట్రల్‌గా కలుపుకోవడం పల్లెల్లో ఉంది. ఇంత ప్రమాదకరమైన పని ఇంకోటి లేదు. ఎండిన గుంతలో ఎర్త్ నిరోధం ఎక్కువ కనుక ఇంట్లో ఆ ఎర్త్‌కు కలిసిన ప్రతి ఇనుప వస్తువు మీదికీ కరెంటు ఎక్కుతుంది. ఫ్రిజ్ తలుపు, గ్రైండర్, మోటారు బాడీ, అన్నిటికీ.

ఎర్త్ గుంత సంగతి. 40 మిల్లీమీటర్ల వ్యాసం, రెండున్నర మీటర్ల పొడవున్న గాల్వనైజ్డ్ పైపు నిలువుగా, చుట్టూ బొగ్గు, ఉప్పు, పైన నీళ్ళు పోయడానికి గరాటు, మూత. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు బకెట్ నీళ్ళు పోయాలి. నాపరాయి తగిలి పైపు దిగనిచోట కొసను రంపంతో కోసి ‘దించేశాం’ అంటారు, పని జరిగేటప్పుడు ఇంటివాళ్ళు దగ్గరుండాలి. పైపు దిగకపోతే పొడవైన కందకం తవ్వి గాల్వనైజ్డ్ పట్టీని అడ్డంగా పాతడమే సరైన దారి. బోరు కేసింగ్‌కూ కొళాయి పైపుకూ ఎర్త్ కట్టే పాత అలవాటు ఇప్పుడు పనికిరాదు, ప్లాస్టిక్ పైపులు వచ్చేశాయి. ఇంకో మోసం ఉంది, మనల్ని మనమే చేసుకునేది. మల్టీమీటర్ ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 230 చూపించింది కాబట్టి ఎర్త్ బ్రహ్మాండంగా ఉందనుకోవడం. మల్టీమీటర్ లాగేది అతి స్వల్ప కరెంటు, ఎర్త్ వెయ్యి ఓమ్‌లున్నా దానికి 230 దాదాపు అలాగే కనబడుతుంది. ఎర్త్ టెస్టరుతో కొలిపిస్తేనే నిజం తెలుస్తుంది. కొలిపించేది కూడా మే నెలలో కొలిపించండి. వానలు పడ్డాక వచ్చిన అంకె ఎండాకాలానికి చెల్లదు.

పిడుగులకు బోర్డులో పెట్టే సర్జ్ ప్రొటెక్టర్ గురించి క్లుప్తంగా: దాని కిటికీ పచ్చగా ఉంటే బాగుంది, ఎర్రబడితే మార్చాలి, తీగలు అరమీటరుకు మించి పొడవుండకూడదు, ఎర్త్ లేకపోతే దాని పని అంతంతమాత్రమే. సూర్యఘర్ పథకం వచ్చాక మిద్దెల మీద సోలార్ పలకలు పెరిగాయి. పలకల నుంచి వచ్చేది డీసీ కరెంటు, దానికి డీసీ అని రాసిన ఎంసీబీలు, సర్జ్ ప్రొటెక్టర్లే వాడాలి. మామూలు ఏసీ ఎంసీబీ అక్కడ పెడితే తెంచేటప్పుడు లోపల మెరుపు ఆరక డబ్బానే అంటుకోవచ్చు.

ఆర్‌సీసీబీ పెట్టించిన ఇళ్ళవాళ్ళకు నెలకొక చిన్న పని. ‘టి’ బొత్తం నొక్కండి. ఠక్కున పడాలి. పడకపోతే ఆ పరికరం ఉన్నా లేనట్టే, మార్చేయండి. ఏళ్ళ తరబడి కదలని కొక్కెం దుమ్ముకు బిగుసుకుపోతుంది, నొక్కడం వల్ల అది కదులుతూ ఉంటుంది. కరెంటు బిల్లు కట్టే రోజున నొక్కడం అలవాటు చేసుకుంటే మరిచిపోరు. ఈ బొత్తం పరికరాన్నే పరీక్షిస్తుంది, ఎర్త్‌ను కాదు. రెండిటినీ కలిపి చూడకండి.

సంపాదకులు గారూ, మీ విలేకరులకు ఒక మనవి. ఇంట్లో షాకు కొట్టిన వార్త రాసేటప్పుడు మూడు ప్రశ్నలు అడగమనండి: బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా, ఉంటే ఎవరైనా బైపాస్ చేశారా, ఆ వస్తువు ప్లగ్గుకు మూడో పిన్ను ఉందా. జవాబులు రెండు వాక్యాల్లో వార్త కిందే వేయండి. కూలర్‌లో నీళ్ళు పోసే ముందు ప్లగ్గు పీకాలన్న మాట కూడా ఏప్రిల్, మే నెలల్లో జిల్లా పేజీలో ఏదో ఒక మూల రోజూ వేయగలిగితే వేయండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్,
అనంతపురం